డబ్బు ఎక్కడ ఆగిందో చెప్పండి: జీ20 ఆర్థిక మంత్రులకు, కేంద్ర బ్యాంకుల గవర్నర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రులకు, గవర్నర్లకు నమస్కారం.

దేశం దాటే డబ్బు చవకగా, త్వరగా, దాపరికం లేకుండా చేరాలని 2020లో మీరంతా ఒక రోడ్‌మ్యాప్‌కు ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది దానికి అంకెలు కూడా పెట్టారు. 2027 చివరికల్లా మామూలు చెల్లింపుల సగటు ఖర్చు 1 శాతం దాటకూడదు. ఏ రెండు దేశాల మధ్యా 3 శాతం మించకూడదు. నూటికి 75 చెల్లింపులు గంటలోపు అందాలి. వలస వెళ్లినవాళ్లు ఇంటికి పంపే డబ్బు విషయంలో 2030 నాటికి సగటు 3 శాతం లోపు అన్న ఐక్యరాజ్యసమితి లక్ష్యం ఎలాగూ ఉంది. ఇప్పుడేమో, ఈ పని చూడమని మీరే అప్పగించిన ఫైనాన్షియల్ స్టెబిలిటీ బోర్డు, గడువులోగా ఇవి అందేలా లేవని 2025 నివేదికలో చెప్పేసింది. ప్రపంచ బ్యాంకు లెక్కలో 200 డాలర్లు ఇంటికి పంపడానికి అయ్యే సగటు ఖర్చు ఇంకా 6 శాతం పైనే ఉంది. సహారా దిగువ ఆఫ్రికాకు పంపేవాళ్లకు ఇంకా ఎక్కువ.

గడువులు తప్పడం అంతర్జాతీయ సమావేశాలకు కొత్తేమీ కాదు, దాని గురించి నేను గొడవ పెట్టుకోను. నా టెన్షన్ వేరు. ఎందుకు తప్పాయన్నది మీరు సరిగ్గా చూడడం లేదని నాకు అనిపిస్తోంది. మీ ప్రకటనలు చదివితే అంతా టెక్నాలజీ మీదే నడుస్తుంది: కొత్త మెసేజ్ ఫార్మాట్లు, డిజిటల్ కరెన్సీలు, టోకెన్లు. నేను ఒక బ్యాంకు విదేశీ చెల్లింపుల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ సీట్లో కూర్చున్న ఎవరినడిగినా ఒకటే చెబుతారు. మెసేజ్ క్షణాల్లో వెళ్లిపోతుంది. డబ్బు ఆగేది, తప్పు జరిగితే తమ మీదకొస్తుందని ఎవరో ఒకరు భయపడిన చోట. ఆ భయానికయ్యే ఖర్చంతా కౌంటర్ దగ్గర నిలబడిన మనిషి మీద పడుతుంది, ఆ సంగతి మాత్రం ఆయనకు ఎవరూ చెప్పరు.

మీకు తెలిసిన సంగతే అయినా, ఈ లేఖ చదివే మిగతావాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. నిజానికి డబ్బు సరిహద్దు దాటదు. ఒక దేశపు బ్యాంకు ఇంకో దేశపు బ్యాంకులో ఖాతా తెరుచుకుని, అందులో ఆ దేశపు కరెన్సీని ముందే నిల్వ పెట్టుకుంటుంది. దాన్నే నోస్ట్రో ఖాతా అంటాం. కస్టమర్ డబ్బు పంపమనగానే ఇక్కడ ఆయన ఖాతాలో తగ్గుతుంది. అక్కడ నోస్ట్రోలో తగ్గి, అందుకునే మనిషి ఖాతాలో పెరుగుతుంది. అంతే, రెండు చోట్ల పుస్తకాల్లో రాతలు. రెండు బ్యాంకులకు నేరుగా ఖాతా సంబంధం లేకపోతే, ఇద్దరికీ ఖాతాలున్న మూడో బ్యాంకు మధ్యలో వస్తుంది. అదీ కుదరకపోతే నాలుగోది. ఇదే కరస్పాండెంట్ బ్యాంకింగ్. నిజం చెప్పాలంటే హవాలా వ్యాపారి చేసేదీ ఇదే. ఇక్కడ తీసుకుంటాడు, అక్కడ తన మనిషి చేత ఇప్పిస్తాడు, తర్వాత లెక్క తేల్చుకుంటాడు. తేడా ఉన్నది లైసెన్సులో, నిఘాలో. ఈ మాట అన్నప్పుడల్లా మా మేనేజర్లు మొహం చిట్లించేవాళ్లు.

ఈ రాతలకు కావలసిన సమాచారాన్ని మోసేది స్విఫ్ట్. 1973లో 15 దేశాలకు చెందిన 239 బ్యాంకులు కలిసి బెల్జియం కేంద్రంగా పెట్టుకున్న సహకార సంస్థ అది. ఇవాళ 200కు పైగా దేశాల్లో, ప్రాంతాల్లో 11,000కు పైగా సంస్థలు అందులో ఉన్నాయి. స్విఫ్ట్ మోసేది మెసేజ్‌లనే, డబ్బును కాదు. 2017లో వచ్చిన జీపీఐ పద్ధతి తర్వాత ప్రతి చెల్లింపుకూ 36 అక్షరాల రెఫరెన్స్ ఉంటోంది. అది ఎప్పుడు ఏ బ్యాంకు దగ్గర ఉందో బ్యాంకులు తమ స్క్రీన్ మీద చూసుకోగలవు. కొరియర్ పార్సిల్‌కి ఉండే ట్రాకింగ్ లాంటిదే. కాకపోతే పార్సిల్ ఎక్కడుందో కొన్నవాడు ఇంట్లో కూర్చునే చూసుకోగలడు, ఇక్కడ డబ్బు సొంతదారుకు ఆ నంబరు ఉందన్న సంగతే తెలియదు. అడిగితే ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి. అడగాలని తెలిసిన కస్టమర్లు మాత్రం చాలా తక్కువ.

స్విఫ్ట్ ఇచ్చిన లెక్కల ప్రకారమే సుమారు 90 శాతం చెల్లింపులు గంటలోపే చివరి బ్యాంకుకు చేరిపోతున్నాయి. కానీ గంటలోపు ఖాతాదారుకు జమ అయ్యేవి సగం కూడా లేవు. అసలు ఆలస్యం ఎక్కువగా ఆ ఆఖరి అంచెలోనే జరుగుతోందని బాసెల్‌లోని మీ అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకు పరిశోధకులే 2022లో తేల్చారు. విదేశీ మారకం మీద నియంత్రణలు, కాగితాలు అడగడం, చెల్లింపులన్నీ కట్టగట్టి రోజుకు ఒకటి రెండు సార్లే ప్రాసెస్ చేయడం, పోటీ లేకపోవడం. వీటిలో ఏ ఒక్కటీ కొత్త మెసేజ్ ఫార్మాట్‌తో పోయేది కాదు. ఐఎస్ఓ 20022 అనే కొత్త మెసేజ్ ఫార్మాట్‌కు మారడానికి బ్యాంకులు ఏళ్ల తరబడి ఖర్చు పెట్టాయి. 2025 నవంబరుతో పాత చెల్లింపు మెసేజ్‌లతో కలిసి నడిచిన గడువు కూడా ముగిసింది. మంచిదే, పేర్లూ చిరునామాలూ ఇప్పుడు విడివిడి గడుల్లో స్పష్టంగా వస్తాయి. కానీ ఆ గడులు చూసి ఏం చేయాలో నిర్ణయించేది మళ్లీ పాత మనిషే, పాత భయంతోనే.

ఇక చార్జీల సంగతి. ఫారంలో మూడు ఎంపికలు ఉంటాయి: అవర్, షా, బెన్. మొదటిది ఎంచుకుంటే ఖర్చంతా పంపేవాడిది. చివరిది అయితే అందుకునేవాడిది. షా అంటే ఇద్దరూ పంచుకోవడం. షా పెట్టినప్పుడు మధ్యలో ఉన్న బ్యాంకులు ఒక్కొక్కటీ తమ చార్జీ కోసుకుని మిగతాది ముందుకు పంపుతాయి. ఫీజు కట్టవలసిన విద్యార్థికి కట్టవలసినదానికన్నా కాస్త తక్కువ చేరి, కాలేజీ ఆ మొత్తాన్ని తిప్పి పంపిన సందర్భాలు నా సీట్లోనే చూశాను. ఇంతా చేస్తే, కనిపించే చార్జీ చాలాసార్లు అసలు ఖర్చులో చిన్న భాగమే. పెద్దది మారకపు రేటులో దాగి ఉంటుంది. మార్కెట్ రేటుకూ కస్టమర్‌కిచ్చే రేటుకూ మధ్య ఉన్న మార్జిన్‌ను రసీదు మీద దాదాపు ఎవరూ రాయరు. 'చార్జీలు లేవు' అని బోర్డు పెట్టుకున్నవాళ్లూ మార్జిన్ తీసుకుంటారు, అసలు ఆదాయం అదే కాబట్టి.

దీన్ని ఆపడం కష్టమని నాతో అనకండి. అమెరికాలో 2013 నుంచి అమల్లో ఉన్న రెమిటెన్స్ నిబంధన ప్రకారం, వ్యక్తులు విదేశాలకు పంపే డబ్బుకు రేటు ఎంత, ఫీజు ఎంత, అవతలి మనిషి చేతికి ఎంత వస్తుంది అన్నది ముందే చూపించాలి. యూరోపియన్ యూనియన్‌లో కార్డు చెల్లింపుల్లో మారకపు మార్జిన్‌ను యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రేటుతో పోల్చి శాతంలో చెప్పాలన్న నిబంధన 2020 నుంచి ఉంది. రెండింటినీ కలిపితే చాలు. పంపే ముందు ఒకే అంకె: మార్జిన్‌తో కలిపి మొత్తం ఖర్చు ఎంత శాతం అని. మీ సభ్యులంతా ఇది చట్టం చేస్తే, మిగతా ప్రపంచం తప్పక దారికొస్తుంది.

ఆలస్యానికీ ఖర్చుకూ మూలమైన ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 2012లో హెచ్‌ఎస్‌బీసీ మనీ లాండరింగ్ వ్యవహారంలో అమెరికాకు 190 కోట్ల డాలర్లు కట్టింది. 2014లో బీఎన్‌పీ పారిబాస్ అమెరికా ఆంక్షలను ఉల్లంఘించినందుకు నేరం ఒప్పుకుని దాదాపు 890 కోట్ల డాలర్లు కట్టింది. ఆ బ్యాంకుల మీద నాకేమీ జాలి లేదు. కానీ ఆ జరిమానాలు చూసి మిగతా బ్యాంకులన్నీ ఒక లెక్క వేసుకున్నాయి. ఒక చిన్న దేశపు బ్యాంకుతో సంబంధం పెట్టుకుంటే ఏడాదికి వచ్చే ఆదాయం ఇంత, ఏదైనా తేడా వస్తే పడే జరిమానా అంత. ఆ లెక్కలో చిన్న దేశం ఎప్పుడూ ఓడిపోతుంది. 2011 నుంచి 2018 మధ్య కరస్పాండెంట్ సంబంధాలు సుమారు ఐదో వంతు తగ్గిపోయాయి. అదే కాలంలో చెల్లింపుల విలువ మాత్రం తగ్గలేదు. పసిఫిక్ ద్వీపాలు, కరీబియన్ దేశాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. 2013లో బ్రిటన్‌లో బార్‌క్లేస్ బ్యాంకు సోమాలియాకు డబ్బు పంపే సంస్థల ఖాతాలు మూసేస్తామంటే ఆ వ్యవహారం కోర్టుకు ఎక్కింది.

ఇది కావాలని చేసింది కాదని మీరంటారు. నిజమే. ఒక్కో కస్టమర్‌ను విడిగా చూసి నిర్ణయించాలి తప్ప దేశాలకు దేశాలను వదిలించుకోవడం తమ ఉద్దేశం కాదని, మనీ లాండరింగ్‌ను అడ్డుకునే ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ 2014లోనే ప్రకటించింది. కానీ ఒక్కొక్కరినీ విడిగా చూడడానికి అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలో ఆ ప్రకటనలో లేదు. అన్నీ సరిగ్గా చూసిన బ్యాంకుకు, తీరా ఒక దొంగ తప్పించుకుంటే, శిక్ష తగ్గుతుందన్న హామీ కూడా లేదు. అలాంటప్పుడు బ్యాంకులో నిబంధనల అమలు చూసే ఏ కంప్లయన్స్ ఆఫీసరైనా ఏం చేస్తాడు? తలుపు మూస్తాడు. నేనైనా అదే చేసేవాణ్ణి.

ఇంతా చేసి పెద్ద దొంగలు దొరుకుతున్నారా అంటే, అదీ అంతంతమాత్రమే. నేరాల ద్వారా వచ్చిన డబ్బులో ప్రపంచవ్యాప్తంగా జప్తు అవుతున్నది 1 శాతం కూడా ఉండదని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం 2011లో అంచనా వేసింది. సరిగ్గా సోమాలీ కుటుంబాల ఖాతాల మీద కత్తి వేలాడుతున్న రోజుల్లోనే, డాన్‌స్కే బ్యాంకు ఎస్టోనియా శాఖ గుండా 2007 నుంచి 2015 దాకా సుమారు 20,000 కోట్ల యూరోలు పారాయి, అందులో పెద్ద భాగం అనుమానాస్పదమని తర్వాత బయటపడింది. క్లుప్తంగా చెబితే: అడ్డుకోవలసిన చోట అడ్డు లేదు, అడ్డున్న చోట కూలి డబ్బు.

అలాగని తనిఖీలే వద్దని నేననను. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడిన దొంగలు స్విఫ్ట్ ద్వారా అమెరికా కేంద్ర బ్యాంకు (ఫెడ్) న్యూయార్క్ విభాగానికి 35 ఆదేశాలు పంపారు, మొత్తం దాదాపు 95 కోట్ల డాలర్లకు. ఢాకాలో వారాంతం, ఆ వెంటనే న్యూయార్క్‌లో వారాంతం, సోమవారం మనీలాలో చైనా నూతన సంవత్సర సెలవు. సెలవులన్నీ లెక్క చూసుకుని మరీ చేశారు. 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్ క్యాసినోల్లో కలిసిపోయాయి. శ్రీలంక వైపు వెళ్లిన 2 కోట్లు మాత్రం గ్రహీత పేరులో ఫౌండేషన్ అన్న మాట స్పెల్లింగ్ తప్పడంతో పట్టుబడ్డాయి. మిగతా ఆదేశాలు ఆగడానికి ఒక కారణం మరీ విచిత్రం. డబ్బు వెళ్లవలసిన మనీలా శాఖ జూపిటర్ స్ట్రీట్‌లో ఉంది. అదే పేరున్న వేరే సంస్థ ఆంక్షల జాబితాలో ఉండడంతో ఫిల్టర్ మొరాయించింది. రోజూ అమాయకుల డబ్బును ఆపే ఆ పేర్ల పోలికే ఆ రోజు ఒక దేశపు నిల్వలను కాపాడింది. కాబట్టి ఆపండి. కానీ ఆపినప్పుడు, ఆపామని చెప్పండి. ఇవాళ మధ్యలోని బ్యాంకు డబ్బు ఆపితే పంపిన బ్యాంకుకు ఒక పొడి మెసేజ్ వస్తుంది, కస్టమర్‌కి 'ప్రాసెస్‌లో ఉంది సార్' అన్న జవాబు వస్తుంది. ఆ జవాబు నేనూ చాలామందికి ఇచ్చాను, నా దగ్గర అంతకు మించిన సమాచారం లేదు కాబట్టి. నేర దర్యాప్తు ఉన్న చోట గోప్యత అవసరం, ఒప్పుకుంటాను. కానీ ఆగేవాటిలో అత్యధికం పేరు కలవడం, పుట్టిన తేదీ లేకపోవడం, ఇన్‌వాయిస్ జత చేయకపోవడం వంటివే. వాటికి కారణం చెప్పడానికీ, ఇన్ని రోజుల్లో తేల్చాలని గడువు పెట్టడానికీ ఏ దర్యాప్తూ అడ్డురాదు.

తలచుకుంటే మీరు చేయగలరనడానికి నౌరూ సాక్ష్యం. ఆ చిన్న పసిఫిక్ దేశంలో సేవలందిస్తున్న ఒకే ఒక్క ఆస్ట్రేలియా బ్యాంకు వెళ్లిపోతానంది. దేశం మొత్తానికి బ్యాంకు లేకుండా పోయే పరిస్థితి. 2024 డిసెంబరులో ఆస్ట్రేలియా, నౌరూ ఒక ఒప్పందం చేసుకున్నాయి, అందులో బ్యాంకింగ్ సేవలు కూడా ఒక భాగం. కామన్వెల్త్ బ్యాంకు వచ్చి ఆ ఖాళీని భర్తీ చేసింది. ఆ ఒప్పందం వెనుక చైనా ప్రభావాన్ని ఆపాలన్న ఆలోచన ఉందని అందరికీ తెలుసు. ఉండనివ్వండి. వ్యూహాత్మక ప్రాధాన్యం లేని దేశాల గతేమిటన్నదే నా ప్రశ్న. అలాంటి దారుల కోసం ఒక ప్రభుత్వ హామీ, లేదా కేంద్ర బ్యాంకుల మధ్య ఆఖరి ఆసరాగా ఒక చెల్లింపు మార్గం ఎందుకు ఉండకూడదు?

సెటిల్‌మెంట్ వేళల గురించి, అంటే బ్యాంకుల మధ్య డబ్బు లెక్క తేలే వేళల గురించి, కూడా రెండు మాటలు. 1974 జూన్ 26న కొలోన్‌లోని హెర్‌స్టాట్ బ్యాంకును జర్మనీ అధికారులు మూసేశారు. జర్మనీలో పనివేళలు అయిపోయాయి, న్యూయార్క్‌లో ఇంకా ఉదయం. జర్మన్ మార్కులు ఇచ్చేసినవాళ్లకు రావలసిన డాలర్లు రాలేదు. బ్యాంకుల పర్యవేక్షణకు ప్రమాణాలు పెట్టే బాసెల్ కమిటీ పుట్టింది ఆ షాక్‌లోంచే. రెండు కరెన్సీలూ ఒకేసారి చేతులు మారేలా చూసే సీఎల్ఎస్ మొదలవడానికి మాత్రం 2002 దాకా పట్టింది. ఇప్పటికీ అందులో 18 కరెన్సీలే ఉన్నాయి. ప్రపంచ విదేశీ మారక వ్యాపారం రోజుకు 9.6 లక్షల కోట్ల డాలర్లని 2025 సర్వే చెబుతోంది, దానిలో 89 శాతం లావాదేవీల్లో ఒక వైపు డాలరే. రెండు పొరుగు దేశాల మధ్య డబ్బు కూడా న్యూయార్క్ తెరిచేదాకా ఆగేది అందుకే. కేంద్ర బ్యాంకుల సెటిల్‌మెంట్ వేళలు పెంచడం మీ రోడ్‌మ్యాప్‌లోనే ఉంది. దానికి కొత్త ఆవిష్కరణ ఏదీ అక్కర్లేదు, షిఫ్టులు వేయాలి, అంతే.

డాలరు మీద ఇంత ఆధారపడడంలో ఇంకో చిక్కుంది. సంక్షోభం వచ్చినప్పుడు ఫెడ్‌తో శాశ్వత స్వాప్ ఒప్పందం, అంటే తమ కరెన్సీ పెట్టి తాత్కాలికంగా డాలర్లు తెచ్చుకునే ఏర్పాటు, ఉన్నవి ఐదు కేంద్ర బ్యాంకులే. 2008లోనూ 2020లోనూ ఇంకొందరికి తాత్కాలికంగా ఇచ్చారు, మిగతావాళ్లు తమ నిల్వలు కరిగించుకున్నారు. 2022లో రష్యా కేంద్ర బ్యాంకు నిల్వలు సుమారు 30,000 కోట్ల డాలర్లు స్తంభించాక, ఆ నిల్వలు కూడా ఎంతవరకు మనవన్న అనుమానం చాలా రాజధానుల్లో మొదలైంది. ఆ నిర్ణయం తప్పో ఒప్పో నేను మాట్లాడను. కానీ దాని ఫలితంగా ఎవరి దారి వాళ్లు వేసుకుంటున్నారు. చైనా 2015లోనే యువాన్ చెల్లింపుల కోసం సిప్స్ అనే సొంత వ్యవస్థ మొదలుపెట్టింది. ప్రతి కొత్త దారిలోనూ మళ్లీ ముందే డబ్బు నిల్వ పెట్టాలి, మళ్లీ తనిఖీల యంత్రాంగం కట్టాలి. రెండు వైపులా వ్యాపారం ఉన్న చిన్న బ్యాంకు రెండింటికీ కట్టాలి. ఆ ఖర్చు ఎవరి నుంచి వసూలవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

స్టేబుల్‌కాయిన్లతో, అంటే డాలరు లాంటి కరెన్సీతో సమానంగా విలువ నిలుపుకునేలా చేసిన డిజిటల్ నాణేలతో, ఇదంతా తీరిపోతుందని ఈ మధ్య గట్టిగా వినిపిస్తోంది. అమెరికా 2025 జులైలో వాటికి చట్టమే చేసింది. మధ్య దారి చవకవుతుందన్నది నిజం. కానీ మధ్య దారి ఇప్పటికే వేగంగా ఉందని పైన చూశాం. కాయిన్‌ను స్థానిక కరెన్సీలోకి మార్చుకునే చివరి మెట్టు దగ్గర అదే మార్జిన్, అదే కేవైసీ కాచుకుని ఉంటాయి. పైగా 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు కూలినప్పుడు, అందులో 330 కోట్ల డాలర్ల నిల్వలు ఇరుక్కున్న, ఒక డాలరు విలువ ఉండాల్సిన యూఎస్‌డీసీ అనే స్టేబుల్‌కాయిన్ ఒక దశలో 90 సెంట్ల కిందకు పడింది. నెల జీతం పంపేవాడికి అలాంటి వారాంతం ఒక్కటి చాలు. నాకు ఇంతకన్నా నమ్మకంగా అనిపించేది, దేశీయ తక్షణ చెల్లింపు వ్యవస్థలను నేరుగా కలపడం. సింగపూర్ పేనౌ, థాయిలాండ్ ప్రాంప్ట్‌పే 2021లో కలిశాయి. ఫోన్ నంబరుకు డబ్బు పంపితే నిమిషాల్లో అందుతోంది, రేటు ముందే కనిపిస్తోంది. ఒక్కో జంటకు ఒక్కో ఒప్పందం కాకుండా అందరినీ ఒకే చోట కలపడానికి నెక్సస్ ప్రాజెక్టు ఉంది. అందులో చేరని మీ దేశాలు ఎందుకు చేరలేదో మీ ప్రజలకు చెప్పవలసిన బాధ్యత మీ మీద ఉంది.

మీ వచ్చే సమావేశం నుంచి నేను ఆశిస్తున్నది ఇంకో సగటు అంకె కాదు. సగటులో అన్నీ కొట్టుకుపోతాయి. 3 శాతం దాటిన ప్రతి దేశాల జంటనూ పేరుపెట్టి ప్రకటించండి, పక్కన కారణం రాయండి: మార్జినా, నియంత్రణలా, కరస్పాండెంట్ లేకపోవడమా అని. డబ్బు ఆగితే కారణం, గడువు కస్టమర్‌కు చెప్పాలన్న నిబంధన తెండి, ఆ 36 అక్షరాల రెఫరెన్స్‌ను రసీదు మీద అచ్చేయించండి. పద్ధతి ప్రకారం తనిఖీ చేసి, రికార్డు పెట్టుకున్న బ్యాంకుకు చట్టపరమైన రక్షణ ఎంతవరకు ఉంటుందో మీ న్యాయశాఖల చేత రాయించండి. ఈ మూడో పనికి ఆర్థిక మంత్రులు న్యాయ మంత్రులతో కూర్చోవాలి, అది జరగనంతవరకు ఎఫ్‌ఏటీఎఫ్ ఎన్ని ప్రకటనలు ఇచ్చినా కంప్లయన్స్ ఆఫీసర్ తలుపు తెరవడు.

ఇట్లు,
విదేశీ చెల్లింపుల విభాగంలో పనిచేసి రిటైరైన ఒక బ్యాంకు ఉద్యోగి